మిగిలిన రెండు మాత్రలు

నడక రోజు 41
మాత్రలు: నావి 30. దాలమ్మవి 30.

నిన్న సాయంత్రం ఐదో పోస్టులో ముద్ర వేయించుకుని మందులు తీసుకున్నాం. ఇద్దరికీ ఒకే మందు. మూర్ఛలు రాకుండా రోజుకి మూడు తెల్ల మాత్రలు: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అంబలి తాగాక. పోస్టుకీ పోస్టుకీ మధ్య ఎనిమిది రోజుల నడక. ఇచ్చేది పది రోజుల మందు. ఆ రెండు రోజులూ వానకి.

ఒకే మందు వాడేవాళ్ళని బయల్దేరిన చోటే జోడీ కడతారు. ఒకరి సంచి వాగులో పోతే రెండోవారిది ఉంటుందని. జోడీలు పొద్దున్నే ఎదురెదురుగా కూర్చుని ఎవరి మాత్రలు ఎన్ని ఉన్నాయో పైకి చెప్పాలి. దీన్ని లెక్క పలకడం అంటారు. మా జట్టులో ముప్పై ఒక్క మంది. అందరి లెక్కలూ వినబడ్డాకే లోకనాథం మేస్త్రీ కర్ర తీసుకుని లేస్తాడు.

సూరాడ దాలమ్మకి నలభై నాలుగేళ్ళు. నౌపడ ఉప్పు కొటార్లలో మడి కట్టి ఉప్పు పండించేది. సముద్రం వచ్చి కొటార్ల మీద కూర్చున్నాక పదకొండేళ్ళు శిబిరంలో ఉంది. నేనూ అదే శిబిరంలో ఉన్నాను, అక్కడి పత్రికకి వార్తలు రాసేదాన్ని. ఒకసారి బియ్యం దగ్గర తొక్కిసలాటలో తలకి దెబ్బ తగిలింది. నా మూర్ఛలు అప్పటినుంచి. ఆవిడవి పుట్టినప్పటినుంచి.

"ముప్పై" అన్నాను.

"ముప్పై" అంది దాలమ్మ. నన్ను అప్పా అంటుంది, అక్కా అని. "రాసుకున్నావా అప్పా? రాసుకో. నువ్వు రాయకపోతే పొద్దు పొడవదు."

నడక రోజు 44
మాత్రలు: నావి 21. దాలమ్మవి 21.

దారి లేదు. నిన్నటి వానకి కొండ జారింది. కాలిబాట ఉన్నచోట ఎర్రమట్టి, దాని కింద లోయ. అవతలి వైపు దారి కనిపిస్తోంది, రెండు వందల గజాలు ఉంటుంది. దాటే వీలు లేదు.

లోకనాథం చుట్టు దారి చూసి వచ్చాడు. ఒడిశా వైపు దిగి, రెండు కొండవాగులు, ఇక్కడ గెడ్డలంటారు, దాటి మళ్ళీ ఎక్కాలి. ఆరో పోస్టు చేరేసరికి యాభై మూడో రోజు అవుతుందన్నాడు. అనుకున్నది నలభై ఎనిమిది.

"వెనక్కెళ్తే?" అని అడిగాను.

"ఎనక్కెళ్తే ఐదో పోస్టోడు మల్లీ మందిస్తాడేటి? ఒకసారిచ్చిన సోట రెండోసారి ఇవ్వరు. ఎనక్కెళ్ళినోలికి ముద్రలు కూడా పోతాయి, తెల్దా?"

తెలుసు. తొమ్మిది ముద్రలూ వరసగా ఉన్నవాళ్ళకే పైన లంబసింగి దగ్గర చోటు రాస్తారు. ఒకటి తప్పితే కార్డు చెల్లదు, మళ్ళీ శిబిరమే.

నేను లెక్క వేశాను. ఈ రోజు నుంచి మూడేసి చొప్పున వేసుకుంటే యాభయ్యో రోజుతో అయిపోతాయి. తర్వాత రెండున్నర రోజులు ఒక్కటీ ఉండదు. రెండేసి వేసుకుంటే పోస్టు దాకా వస్తాయి, ఇంకా మిగులుతాయి. ఉన్నట్టుండి ఆపేయడం కన్నా తగ్గించి వేసుకోవడం నయమని నాకు తెలిసినంతలో అనిపించింది. డాక్టరుని అడిగే వీలు లేదు. మందు సంచి మీద "మోతాదు మార్చరాదు" అని అచ్చు వేసి ఉంది. చుట్టు దారి గురించి ఏమీ లేదు.

దాలమ్మకి చెప్పాను.

"రెండా? సరే. నూనె తక్కువైతే వొత్తి తగ్గిత్తాం. అదే కదేటి."

"నీకు భయంగా ఉంటే మూడే వేసుకో. ఎవరిది వాళ్ళ ఇష్టం."

"జోడీ అన్నాక నీదొక లెక్క నాదొక లెక్కేటి?"

ఈ లెక్క నాది. అందుకే రాస్తున్నాను.

నడక రోజు 47
మాత్రలు: నావి 15. దాలమ్మవి 15.

మొదటి గెడ్డ దాటాం. నడుము లోతు. మందు సంచులు తలమీద పెట్టుకున్నాం. మధ్యాహ్నం మాత్ర మానేశాం. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

జట్టులో మిగతావాళ్ళూ ఎవరి తగ్గింపు వాళ్ళు చేస్తున్నారు. బీపీ ఉన్న ముసలాయన రోజు మార్చి రోజు వేసుకుంటున్నాడు. షుగరు ఉన్న ఇద్దరు అక్కచెల్లెళ్ళు అంబలి తగ్గించి మాత్ర తగ్గించారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అందరికీ అదే తోచింది. పదకొండేళ్ళు రేషను మీద బతికినవాళ్ళు ఉన్నది ఉన్నట్టు తినరు, మిగుల్చుకుంటారు. శిబిరంలో సంచి అడుగున ఏమైనా మిగిలి ఉన్న మనిషినే తెలివైన మనిషి అంటారు.

దాలమ్మ కొంగు ముడిలో గుప్పెడు ఉప్పు ఉంది. తన మడిలోదే. చోడి అంబలిలో చిటికెడు వేసి నాకిస్తుంది. "ఇది మాత్రం లెక్కెట్టకప్పా" అంది.

నడక రోజు 50
మాత్రలు: నావి 9. దాలమ్మవి 9.

సాయంత్రం రబ్బరు కాలిన వాసన వచ్చింది. చుట్టూ తడి అడవి, కాలడానికి ఏమీ లేదు. నాకు మూర్ఛ వచ్చేముందు ఈ వాసన వస్తుంది. ఎడమ చెయ్యి జిల్లుమంది. చెట్టుకి ఆనుకుని కూర్చుంటే కాసేపటికి పోయింది.

నడక రోజు 51
మాత్రలు: నావి 6. దాలమ్మవి 7.

పొద్దున్న లెక్క పలికాం. దాలమ్మ ఏడు అంది. నేనూ ఏడు అన్నాను.

నడక రోజు 52
మాత్రలు: నావి 3. దాలమ్మవి 5.

రెండో గెడ్డ దాటి ఎక్కుతున్నాం. జలగలు. లోకనాథం పొగాకు నీళ్ళు కాళ్ళకి రాయిస్తున్నాడు.

ఐదు అని పలికాను.

నడక రోజు 53
మాత్రలు: నావి 0. దాలమ్మవి 3.

పొద్దున్న మూడు అని పలికాను. ఈ పుస్తకంలో రాసిన అంకెలు నిజం. నోటితో అన్నవి అబద్ధం. మొన్న వాసన వచ్చిన సాయంత్రం ఒకటి ఎక్కువ వేసుకున్నాను. తర్వాత రెండు రోజులూ మూడేసి వేసుకున్నాను. మొత్తం మూడు మాత్రలు. దాలమ్మకి చదువు రాదు కాబట్టి పుస్తకంలో నిజం రాయడానికి ధైర్యం అక్కర్లేదు.

ఈ పొద్దున్న వేసుకోవడానికి నాకు ఏమీ లేదు. దాలమ్మ ఒకటి వేసుకుంది. ఆవిడ దగ్గర రెండు మిగిలాయి.

మధ్యాహ్నానికి ఆరో పోస్టు చేరాం. తారు రేకుల గది, పైన కరెంటిచ్చే సూర్యుడి పలకలు, లోపల మిషను. బయట తుడవడానికీ పలకలు కడగడానికీ ఒక మనిషి. పేరు కిల్లో బుద్రు. అక్కడి వాడే. మిషను తాళం అతని దగ్గర లేదు.

"ఐదు రోజులు ఆలస్యం. అందరూ ఉన్నారా, ఎవరైనా పోయారా?" అని అడిగాడు. వానెలా ఉందని అడిగినట్టే అడిగాడు.

"అందరం ఉన్నాం" అన్నాడు లోకనాథం.

మిషను ముందు అరచెయ్యి పెట్టాలి. మాత్రలుండే రేకు ట్రేలో పెట్టాలి. వేలు దూరిస్తే సూది గుచ్చి నెత్తురు తీస్తుంది. నా వంతు ముందు వచ్చింది. ఖాళీ రేకు పెట్టాను. పసుపు దీపం వెలిగింది. "పొట్నూరు మణిమాల. మందు స్థాయి తక్కువ. రేకు ఖాళీ. ఆలస్యంగా నమోదు. మందు ఇవ్వబడును." ముప్పై మాత్రలు పడ్డాయి.

తర్వాత దాలమ్మ. రేకు ట్రేలో పెట్టింది. అందులో రెండు మాత్రలు ఉన్నాయి. ఎర్ర దీపం వెలిగింది. "సూరాడ దాలమ్మ. మందు స్థాయి తక్కువ. మాత్రలు మిగిలి ఉన్నవి. వాడకం లేదు. అమ్మకం అనుమానం. మందు నిలుపుదల." ట్రే మూసుకుపోయింది. ఆ రెండు మాత్రలూ తిరిగి రాలేదు.

దాలమ్మ మళ్ళీ చెయ్యి పెట్టింది. మళ్ళీ అదే. మూడోసారి పెట్టబోతే బుద్రు ఆపాడు.

"మూడోసారి పెట్టకమ్మా. కార్డు ఆగిపోతుంది."

"నాను మిగిల్సినాను బాబూ" అంది దాలమ్మ. "అమ్మలేదు. మిగిల్సినాను."

బుద్రు నన్ను పక్కకి పిలిచాడు. "ఆ రెండూ గుమ్మం బయట మింగేసి రావలసింది. రేకు ఖాళీగా ఉండి నెత్తుట్లో మందు తక్కువుంటే దారిలో అయిపోయిందని అనుకుంటుంది. రేకులో మిగిలుండి నెత్తుట్లో లేకపోతే వేసుకోకుండా అమ్ముతున్నారని అనుకుంటుంది. దానికి దారి తెలీదు. నెత్తురూ రేకూ తెలుసు."

"ఈ సంగతి ఎక్కడైనా రాసి ఉందా?"

"రాస్తే అందరూ బయట మింగేసి వస్తారు కదా, అందుకని రాయరు."

మా జట్టులో ఎర్ర దీపం మరొక్కరికే పడింది, రోజు మార్చి రోజు వేసుకున్న బీపీ ముసలాయనకి. షుగరు మాత్రలని మిషను వేరే కొలతతో చూస్తుందట, అక్కచెల్లెళ్ళు బయటపడ్డారు.

ఒక విషయం రాయాలి. నేను కూడా మాట ప్రకారం రెండేసి వేసుకుని ఉంటే నా రేకులోనూ రెండు మిగిలేవి. నాకూ ఎర్ర దీపమే. ఇద్దరికీ కలిపి ఒక్క మాత్ర కూడా ఉండేది కాదు. నేను మాట తప్పడం వల్ల ముప్పై వచ్చాయి. ఇది నిజమే. దీన్ని నా తరఫు వాదనగా వాడుకోను.

ఎర్ర దీపం తీయగలిగేది డాక్టరు ఒక్కడే. ఇక్కడ డాక్టరు తీగ మీదకి, అంటే తెరలో మాట్లాడటానికి, సోమవారం వస్తాడు. ఈ రోజు శుక్రవారం. ఏడో పోస్టులో రోజూ మధ్యాహ్నం ఉంటాడు. లోకనాథం ఆగనన్నాడు. "పోస్టోడు జట్టుకి మందు కొలిసి ఇచ్చినాడు. ఇక్కడ మూడ్రోజులు కూకుంటే ఏడో పోస్టుకి మల్లీ అందరికీ తక్కువే." అది నిజం. జోడీ మాత్రం ఆగవచ్చు, తర్వాతి జట్టుతో రావచ్చు. తర్వాతి జట్టు వచ్చేది తొమ్మిది రోజులకి. ముసలాయన ఆగిపోయాడు. నేను ఆగుదామన్నాను.

మందు నిలిపిన పేర్లు పోస్టు గోడ మీద నల్ల బోర్డుకి ఎక్కించాలని నియమం. బుద్రు సుద్దముక్కతో రాస్తున్నాడు. దాలమ్మ చదవలేదు కానీ ఏం రాస్తున్నాడో తెలుసు.

"అమ్ముకున్నదాన్నని రాసిన గోడకాడ తొమ్మిది రోజులు కూకోనా? వొచ్చే పోయేవోలు సదువుతారు. నాను రాను ఆ గోడకాడికి. ఎల్దాం పద."

"దాలమ్మా, ఇక్కడైతే సోమవారానికి తేలుతుంది."

"ఏడో పోస్టుకాడ కూడా తేలుద్ది. అక్కడ గోడ మీద నా పేరుండదు."

బుద్రు నన్ను అడిగాడు, "ఆవిడ మాత్రలు వేసుకున్నట్టు ఏదైనా రాత ఉందా? ఉంటే ఇచ్చి వెళ్ళండి, సోమవారం డాక్టరుకి చూపిస్తాను."

రాత నా సంచిలో ఉంది. ఈ పుస్తకమే. ఇస్తే మోతాదు మార్చినట్టు నా పేరు మీద కూడా తేలుతుంది, నాకిచ్చిన ముప్పై వెనక్కి తీసుకోవచ్చు, అప్పుడు ఇద్దరికీ ఉండవు. అందుకని లేదన్నాను. ఈ కారణం నిజమే. అదొక్కటే కారణం కాదు.

సాయంత్రం చెరొకటి వేసుకున్నాం.

నడక రోజు 54
మాత్రలు: ఇద్దరివీ కలిపి 28.

ఏడో పోస్టు అరవై ఒకటో రోజు. ఈ రోజు నుంచి ఏడు రోజులకి ఇరవై ఎనిమిది. రోజుకి నాలుగు.

నేను దాలమ్మని మూడు వేసుకోమన్నాను, నాకు ఒకటి చాలన్నాను. నడుస్తూ అసలు సంగతి కూడా చెప్పాను. ఏడు అన్న రోజు నా దగ్గర ఆరే ఉన్నాయని, ఐదు అన్న రోజు మూడే ఉన్నాయని.

ఆవిడ నడక ఆపలేదు.

"తెలుసప్పా."

"ఎలా తెలుసు?"

"మాత్ర నొక్కితే రేకు సప్పుడొత్తాది. ఆ సాయంత్రం రెండు సప్పుళ్ళు ఇన్నాను. సదువు రాదు గానీ రేకుకి కన్నాలు లెక్కెట్టడం రాదేటి నాకు? ఉప్పు బస్తాలు లెక్కెట్టినదాన్ని."

"మరి అడగలేదే?"

"నువ్వు ముక్కు నలుపుకున్నావు. నీకు వాసనొచ్చిందని తెలిసింది. ఏడని నువ్వు పలికినావు, ఏడని నాను ఇన్నాను. దానికి గొడవేటి?" కొంతదూరం వెళ్ళాక మళ్ళీ అంది. "రెండ్రెండు ఏసుకుందాం. నువ్వు ఒకటేసుకుని పడిపోతే నా కోసం ఏడో పోస్టుకాడ డాట్రుతో ఎవులు మాటాడతారు? నాకొచ్చిన మాటలు నాలుగు. అందులో మూడు తిట్లు."

రెండేసి అని తీర్మానం. ఈసారి సాక్షిగా రేకు ఆవిడ దగ్గరే పెట్టాను.

నడక రోజు 57
మాత్రలు: ఇద్దరివీ కలిపి 16.

పొద్దున్నే పొగమంచు. దాలమ్మకి కుడి కనురెప్ప అదురుతోంది. మాటల మధ్యలో ఆగుతోంది. నాలుగైదు క్షణాలు ఎటో చూసి, మళ్ళీ మాట అందుకుంటుంది. ఈ రోజు అలా ఆరుసార్లు జరిగింది. ఆవిడకి తెలియలేదు.

నేను మూడో మాత్ర ఇవ్వబోయాను. రేకు కొంగులో కట్టేసుకుంది.

"నీ పుస్తకంలో రేపటికి పన్నెండని రాసుకో. పదకొండైతే నీతో మాటాడను."

లోకనాథానికి చెప్పాను. దాలమ్మని జట్టు మధ్యలో నడిపిస్తున్నాడు. లోయ వైపు ఒక మనిషిని పెట్టాడు.

నడక రోజు 59
మాత్రలు: ఇద్దరివీ కలిపి 8.

పదకొండున్నరకి పడింది. రాళ్ళ దారి, పెద్ద ఏటవాలు లేదు. ముందు అరుపు, తర్వాత పడిపోవడం. నేను పక్కకి తిప్పి పడుకోబెట్టి తల కింద సంచి పెట్టాను. జట్టులో ఎవరో చేతిలో ఇనుము పెట్టమన్నారు, తాళంచెవి అడిగారు. ఇళ్ళు లేనివాళ్ళ దగ్గర తాళంచెవులు ఉండవు. ఒకావిడ దగ్గర మాత్రం దొరికింది, మునిగిన ఇంటిది. దానివల్ల ఉపయోగం లేదని నాకు తెలుసు. వద్దనలేదు.

గడియారం చూశాను. మామూలుగా రెండు నిమిషాలు. ఈసారి తొమ్మిది నిమిషాలు. తెలివి రాకముందే మళ్ళీ వచ్చింది. మూడు గంటల వరకు నాలుగుసార్లు. మధ్యలో ఒక్కసారి కళ్ళు తెరిచింది. నన్ను చూసి "అప్పా, నెగు, జట్టు ఎల్లిపోతంది" అంది. లెమ్మన్నది నన్ను. కింద పడుకున్నది ఆవిడ.

లోకనాథం వాళ్ళు రెండు వెదురు బొంగులు కొట్టి దుప్పటితో డోలీ కట్టారు. పక్క ఊరివాళ్ళని అడుగుదామంటే దగ్గర్లో ఊరు లేదు. నలుగురు చొప్పున భుజాలు మార్చుకుంటూ చీకటి పడేదాకా మోశారు.

ఆవిడ సాయంత్రం మాత్ర మింగలేకపోయింది. నాది నేను వేసుకున్నాను.

నడక రోజు 60
మాత్రలు: ఇద్దరివీ కలిపి 5.

పొద్దున్న ఒక మాత్ర అంబలి తేటలో కరిగించి దవడ పక్కన పోశాను. బయటికి వచ్చేసింది. ఊపిరిలోకి పోతుందని మళ్ళీ ప్రయత్నించలేదు.

లోకనాథం పన్నెండు గంటలు నడిపిస్తానన్నాడు. జట్టులో ఎవరూ కాదనలేదు. మోసినవాళ్ళలో షుగరు అక్కచెల్లెళ్ళు కూడా ఉన్నారు.

రెండు గంటల ఇరవై నిమిషాలకి డోలీ దింపించి చూశాను. ఊపిరి లేదు. ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉంది. ఎప్పుడు పోయిందో కచ్చితంగా చెప్పలేను. చివరిసారి రెండు గంటలకి చూశాను, అప్పుడు ఉంది.

లోకనాథం కర్ర కింద పెట్టి కూర్చున్నాడు. "ఇక్కడే పెట్టేద్దుమా?" అని అడిగాడు.

పోస్టులో అరచెయ్యి పెట్టకపోతే చావు నమోదు కాదు. నమోదు కాకపోతే ఆవిడ నడక విడిచి పారిపోయినట్టు రాస్తారు. అమ్మకం అనుమానం ఉన్న మనిషి పారిపోయింది అంటే ఇక ఆ మాట ఎవరూ తీయరు. ఈ సంగతి చెప్పాను.

"అయితే మోద్దుం" అన్నాడు.

కొంగు ముడిలో ఉప్పు ఉంది. రేకూ ఉంది. రేకు తీసుకున్నాను. ఉప్పు అలాగే ఉంచాను.

నడక రోజు 61
మాత్రలు: 2.

నిన్న నేను రెండే వేసుకున్నాను. ఈ పొద్దున్న వేసుకోలేదు. పదకొండు గంటలకి ఏడో పోస్టు కనిపించింది. గుమ్మం బయట సంచి దింపి, ఆ రెండూ నొక్కి తీసి మింగాను. ఖాళీ రేకు పట్టుకుని లోపలికి వెళ్ళాను. పసుపు దీపం. ముప్పై మాత్రలు.

దాలమ్మ అరచెయ్యి లోకనాథం పట్టుకుని పెట్టించాడు. మిషను సూది గుచ్చలేదు. "మరణం నమోదు" అని వచ్చింది. తొమ్మిది గళ్ళలో ఏడో గడిలో ముద్ర పడింది. దాన్ని ఎవరూ అడగలేదు, అదే వేసింది.

ఒంటిగంటకి డాక్టరు తీగ మీదకి వచ్చాడు. తెర మీద ముఖం చిన్నగా ఉంది. ముప్పై ఐదేళ్ళు ఉండొచ్చు. అన్నం మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు, ఎడమచేత్తో నీళ్ళగ్లాసు పట్టుకున్నాడు. నేను ఈ పుస్తకం నలభై ఒకటో రోజు నుంచి పేజీ పేజీ తెర ముందు పెట్టాను. ఓపిగ్గానే చదివాడు.

"రెండేసి వేసుకోమన్నది మీరేనా అమ్మా?"

"నేనే."

"మూడేసి వేసుకుని అయిపోతే ఖాళీ రేకుతో వెళ్ళేవారు. ఇద్దరికీ ఇచ్చేసేది."

"ఇప్పుడు తెలుసు."

"ఇక్కడ, యాభై ఒకటో రోజు. పుస్తకంలో ఆరు ఉంది, పైకి ఏడని చెప్పారు."

"అవును. తర్వాత రెండు రోజులు కూడా."

ఆయన పక్కనున్న ఫారం చూశాడు. చాలాసేపు చూశాడు. "దీనికి గడి లేదు" అన్నాడు. "మోతాదు మార్చినందుకు హెచ్చరిక ఒకటి ఉంది. అది రాస్తాను. జోడీతో మందు పంచుకోవడం తప్పు కాదు, అందుకే కదా జోడీ. లెక్క తప్పు పలికినందుకు ఏమీ లేదు."

"దాలమ్మ సంగతి?"

"ఆవిడ మందు వేసుకున్నట్టు రుజువు ఉంది. అనుమానం తీసేస్తున్నాను." ఏదో నొక్కాడు. వెనక మిషను చప్పుడు చేసింది. నేను తిరిగి చూసేసరికి ట్రేలో మాత్రలు పడుతున్నాయి. ముప్పై. తర్వాత ట్రే మూసుకుని మళ్ళీ తెరుచుకుంది, ఇంకో రెండు. తెర మీద అక్షరాలు: "సూరాడ దాలమ్మ. నిలుపుదల రద్దు. నిలిపిన మందు 30. జప్తు చేసిన మాత్రలు 2. మొత్తం 32."

"ఆవిడ పోయారని నమోదైంది కదా" అన్నాను.

"రెండూ వేరు వేరు పద్దులమ్మా. ఒకదాని సంగతి ఒకదానికి తెలీదు. మీరు తీసుకోండి. జోడీలో మిగిలినవాళ్ళు తీసుకోవచ్చు, రూలుంది."

పెట్టేసే ముందు ఆరో పోస్టుకి తీగ కలపమన్నాను. కలిపాడు. బుద్రు పలికాడు. బోర్డు మీద దాలమ్మ పేరు తుడిచేయమని, డాక్టరు ఉత్తర్వు ఉందని చెప్పాను.

"ఆ పేరు ఇప్పుడు లేదమ్మా" అన్నాడు బుద్రు. "మీరు మలుపు తిరగ్గానే తుడిచేశాను. వానకి పోయిందని రాసుకున్నాను. ఆవిడ ఎలా ఉంది?"

చెప్పాను.

"ఆవిడ ఉండగా తుడవలేదు" అన్నాడు. "చూస్తూ ఉంటే తుడవకూడదనుకున్నాను, నియమం కదా. ఎదురుగా తుడిచేసి ఉంటే ఆగేదేమో."

ఆగేదేమో. నేను పుస్తకం ఇచ్చి ఉంటే కూడా ఆగేదేమో. ఇద్దరం ఒకే రోజు ఒకే గదిలో ఉన్నాం. ఇద్దరి దగ్గరా ఆవిడకి కావలసింది ఉంది.

సాయంత్రం పోస్టు వెనక గొయ్యి తవ్వారు. రాళ్ళ నేల, మోకాలి లోతుకి మించి దిగలేదు. పైన రాళ్ళు పేర్చారు. తాళంచెవి ఉన్నావిడ ఆ తాళంచెవిని రాళ్ళలో పెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

నడక రోజు 62
మాత్రలు: నావి 30. దాలమ్మవి 32.

పొద్దున్న జోడీలు ఎదురెదురుగా కూర్చున్నాయి. నేను సంచి కట్టుకుంటున్నాను. లోకనాథం కర్ర తీసుకోలేదు. వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"మీ లెక్క ఇనబడలేదు" అన్నాడు.

పుస్తకం తెరిచి ఏం రాశానో చూసుకున్నాను.

"నావి ముప్పై. దాలమ్మవి ముప్పై రెండు."

"మొత్తం?"

"అరవై రెండు."

ఎనిమిదో పోస్టు ఎనిమిది రోజులు. లోకనాథం వేళ్ళ మీద లెక్క వేశాడు. రోజుకి మూడు, ఎనిమిది రోజులు, ఇరవై నాలుగు. మళ్ళీ మొదటినుంచి వేశాడు. అంతే వచ్చింది.

"మిగుల్తాయి" అన్నాడు.